బలహీనమైన చేయి (రమ్మీ, పోకర్)

పదమూడు ముక్కల రమ్మీలో పంచిన ముక్కల్లో జోకరూ, వరుస కట్టే జతలూ లేకపోతే అది బలహీనమైన చేయి. 101 పాయింట్ల పూల్ ఆటలో మొదటి ముక్క ఎత్తకముందే తప్పుకుంటే 20 పాయింట్లు, ఎత్తాక తప్పుకుంటే 40, చివరిదాకా ఉండి ఓడితే 80 దాకా పడతాయి. జోకరు లేని వరుస ఒక్కటీ కుదరకుంటే ముక్కలన్నీ లెక్కకొస్తాయి. ఇస్పేటు రాజు, ఆఠీను రాణి, కళావరు జాకీ పొంతన లేకుండా మిగిలితే 30 అక్కడే. ‘ఇంకో ముక్క చూద్దాం’ అన్న ఆశే 20తో పోయేదాన్ని 80కి చేరుస్తుంది.

పోకర్‌లో ప్రమాదం మరింత మోసకారిది. ఆసు, అయిదుతో దిగినవారికి ఎదుట ఆసు, రాజు ఉంటే, బల్లపై ఆసు పడినా పక్క ముక్క వల్ల తరచు ఓటమే. పైగా అప్పటికే పందెం పెరిగి ఉంటుంది.

ఇక చట్టం సంగతికొస్తే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, ఏ ముక్క ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి, రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. అయితే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. వరంగల్ కాశిబుగ్గలో ఫోనులో డబ్బు పెట్టి ఆడినా నేరమే.