తెరకావలి రోగి

అస్థిమజ్జను ఒకరి నుండి వేరొకరికి మార్చు విద్యకు ఆద్యుడైన డోనల్ థామస్ 1957లో తన తొలి ప్రయత్నములను లోకమునకు వెల్లడించెను. ఆనాటి ఆరుగురు రోగులలో నూరు దినములు దాటి బ్రతికినవారు లేరు. ప్రాణమే నిలువని కాలమున మనస్సును గూర్చి విచారించు తీరిక ఏ వైద్యునికుండును?

క్రొత్త మజ్జ నాటుకొనుటకు ముందు రోగి రక్షణశక్తిని అణచివేయవలసియుండుటచే, ఆ మజ్జలోని మూలకణములు చిగిర్చువరకు గాలిలోని బూజురేణువు సయితము మృత్యుహేతువగును. అందుచే 1970 ప్రాంతమున వడగట్టిన గాలి ఒకే దిక్కుగా వీచెడు గదులు వెలసినవి. రోగి ప్లాస్టిక్ తెరకు ఆవల, ఆప్తులు ఈవల. తెరకు అతికించిన పొడవాటి తొడుగులలో చేతులు దూర్చి నర్సు మందిచ్చెడిది, ఇల్లాలు పెనిమిటి నుదురు తాకెడిది. ఈ ఏర్పాటు ప్రాణములను కాచినదనుటలో సందేహము లేదు. కాని వారములకొలది మనిషి స్పర్శకు నోచుకొనని ఆ వాసము నిద్రను, ఆకలిని, మాటాడు కోరికను గూడ హరించెడిది. అది వ్యాధిలో భాగమని నాడెవరును తలపలేదు.

తలపించినది ఎలుక. 1975లో రాచెస్టరు విశ్వవిద్యాలయమున రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలకు సాకరిన్ కలిపిన తియ్యనీరు త్రాపి, వెనువెంటనే రక్షణశక్తిని అణచు సైక్లోఫాస్ఫమైడు సూది వేసిరి. పిదప మందు మాని తియ్యనీరు మాత్రమే ఇచ్చినను, ఆ మూగజీవుల దేహములు ప్రతిరక్షకములను తక్కువగానే పుట్టించెను. రక్షణవ్యవస్థ అనుభవమును జ్ఞప్తియందుంచుకొనునన్నమాట. చిత్రమేమనగా, మజ్జమార్పిడికి రోగిని సిద్ధపరచుటకు వాడు ముఖ్యౌషధములలో సైక్లోఫాస్ఫమైడు ఒకటి! నరముల కొసలు మజ్జలోనికే చొచ్చియున్నవనియు, అవి విడుచు రసాయనములు మూలకణముల కదలికను శాసించుననియు తరువాతి పరిశోధకులు చూపిరి.

మంచమున కదలరాదన్న పాత ఆచారము కూడ సడలెను. 1997లో జర్మనీ వైద్యులు స్వీయ మూలకణములను తిరిగి పొందిన రోగులచే పడుకొనియే తొక్కు సైకిలును దినమునకు అరగంట తొక్కించగా, తెల్లకణముల కొరత త్వరగా తీరి, నొప్పి తగ్గి, వారు ఆసుపత్రి నుండి ముందుగా ఇంటికేగిరి. 2016లో బోస్టను వైద్యులు 160 మందిని పరీక్షించి, మార్పిడి దినముల నుండియే ఉపశమన వైద్యులు పడకచెంత కూర్చుండి వాంతిని, నొప్పిని, భయమును కనిపెట్టి చూచినచో, మూడు మాసముల తరువాత సయితము విషాదము తక్కువగా నుండుననిరి.

ఇచ్చట మన బంధువర్గమునకున్న ఒక దురలవాటును చెప్పక తప్పదు: వ్యాధి తిరగబెట్టిన వానిని చూచి “ధైర్యము చాలలేదు” అనుట. అదే 2016లో వెలువడిన మరియొక అమెరికా పరిశోధన, తెల్లకణ కాన్సరుకు మార్పిడి పొందిన వారిలో, పేదల రక్తకణములందు ఒత్తిడికి స్పందించు జన్యువుల చర్య హెచ్చనియు, ఆ హెచ్చునకును వ్యాధి మరలి వచ్చుటకును సంబంధము కలదనియు కనుగొనెను. వేలూరు ఆసుపత్రి చెంత అద్దెగదిలో వంట చేసికొనుచు, ఊర మిగిలిన పొలము వెలను లెక్కించు తెలుగు కుటుంబమునకు, “దిగులు పడకుము” అన్న హితవు కన్న ఆ నెల అద్దె చెల్లించు చేయి హెచ్చు ఉపకారి.