చిలకపలుకులు

చదువు రాని రోజుల్ని తలుచుకుని సిగ్గుపడే వయసు దాటిపోయింది గనక చెబుతున్నాను. మూడో తరగతికొచ్చేదాకా నాకు చదవడం రాదు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు!

అదెలా అంటారా? రోజూ సాయంత్రం మా అక్క అరుగు మీద కూచోబెట్టి నా పాఠం నాకు చదివి వినిపించేది. రెండుసార్లు వింటే చాలు, నాకు నోటికొచ్చేసేది. అక్షరాలు విడివిడిగా తెలుసు. కాని అవే గుణింతాలూ ఒత్తులూ తగిలించుకుని వరసగా నిలబడేసరికి, తీర్థంలో జనంలాగా ఒక్క మొహమూ ఆనవాలు చిక్కేది కాదు. 'మ' ఏదో 'య' ఏదో తేల్చుకునేలోగా మిగతావాళ్ళు పేజీ తిప్పేసేవారు.

1958లో ఒకనాడు మేష్టారు నన్ను లేపి చదవమన్నారు. అందుకున్నాను. గడగడా సాగిపోతోంది. ఆయన మెల్లిగా దగ్గరికొచ్చి నా పుస్తకం మీద అరచెయ్యి పరిచారు. నేను ఆగలేదు! ఆ చేతిని చూస్తూనే పేరా పూర్తి చేసేశాను. క్లాసంతా గొల్లుమంది.

"ఏరా చిలకా, అయిందా?" అన్నారు మేష్టారు. ఆ తరవాత యాభై గుంజీళ్ళు.

ఆ చిలక పేరు నాకొక్కడికే దక్కిందనుకుని చాలా ఏళ్ళు బాధపడ్డాను. కాదని తెలిసింది ధరంపాల్ గారి 'ది బ్యూటిఫుల్ ట్రీ' చదివినప్పుడు. పాత సర్కారు కాగితాలు పోగుచేసి ఆయన 1983లో ప్రచురించిన పుస్తకమది. 1822లో మద్రాసు గవర్నరు మన్రో దొర, జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్లను లెక్కలడిగాడు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో జవాబు రాశాడు. ఈయన అంతకుముందే, 1816లో, తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి. బళ్ళారి బడుల్లో అప్పుడు తెలుగూ కన్నడమూ రెండూ చెప్పేవారు.

ఆ జవాబులో మన వీధిబడి కళ్ళకు కట్టినట్టుంటుంది. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వచ్చినకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. బద్ధకస్తుల్ని చేతులు కట్టి పైకప్పుకు వేలాడదీసేవారు. మన పెద్దవాళ్ళు కోదండం అన్నది ఇదే. లేచి కూచోమనే శిక్షా ఉంది. చూశారా, నా గుంజీళ్ళకు ఎంత చరిత్ర ఉందో!

ఇసకలో వేలితో అక్షరాలు దిద్దించడం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం ఆయనకు తెగ నచ్చాయి. మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని ఇంగ్లండుకు పట్టుకెళ్ళి, 1797లో దాని మీద పుస్తకమే వేశాడు. అంటే మా అక్క అరుగు మీద చేసిన పని లండన్ దాకా వెళ్ళొచ్చిందన్నమాట.

కాని కాంబెల్‌కి ఒకటి నచ్చలేదు. పిల్లలు పద్యాల మీద పద్యాలు అప్పజెబుతారు, అర్థం మాత్రం చిలక్కెంత తెలుసో వాళ్ళకీ అంతే తెలుసు అంటాడు. పుస్తకంలో భాష వేరు, ఇంట్లో భాష వేరు కావడమే కారణమన్నాడు. ఆ ముక్క పట్టుకునే గిడుగు రామమూర్తి గారు తరవాతి కాలంలో పండితులతో పోరాడారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక కూడా పెట్టారు.

నన్ను గట్టెక్కించింది మాత్రం మా మామ్మ. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. చందమామలో కథలంటే ప్రాణం. నాన్న పొరుగూరికి బదిలీ అయ్యాక చదివిపెట్టే పని నా మీద పడింది. నేను బొమ్మలు చూసి కథ అల్లేసేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అదే కథ చదవమనేది.

"ఒరేయ్, నిన్న రాజుగారికి ఒక్కతే కూతురన్నావు. రాత్రికి రాత్రి ఇంకో పిల్ల ఎక్కణ్ణించి వచ్చిందిరా?"

దొరికిపోయాను. కాని ఆవిడ నవ్వలేదు. "పోనీ, వేలు పెట్టి నెమ్మదిగా చదువు నాయనా. నాకేం తొందర?" అంది. అలాగే మొదలెట్టాను. నేను 'అ...డ...' అనేసరికి ఆవిడ "అడవికి వెళ్ళాడు" అనేసేది. వేలి కింద చూస్తే నిజంగానే అడవి! కుటుంబరావు గారి సంపాదకత్వంలో వచ్చే ఆ కథల్లో మాటలు మా మామ్మ నోట్లో మాటలకి దగ్గరగా ఉండేవి. సాయంత్రానికి అరపేజీ అయ్యేది. సంక్రాంతికి కథ అయింది. వేసవి సెలవుల నాటికి, ఆవిడ పడుకున్నాక కూడా, దీపం దగ్గర నా కోసం నేనే చదువుకున్నాను.

ఒకసారి "ఇందులో రాజు ఎక్కడున్నాడురా?" అంది. బొమ్మ చూపించాను. "బొమ్మ కాదురా, మాట" అంది. ఆవిడ వేలు పట్టుకుని ఆ రెండక్షరాల మీద పెట్టాను. ఆ తరవాత పేజీ తిప్పినప్పుడల్లా రాజు కోసం వెతికేది. దొరికితే చిన్నపిల్లలా మురిసేది. ఆ రెండక్షరాల తరవాత ఇంకో రెండు చెప్పాలని నాకు తోచనే లేదు.

కాంబెల్ లెక్కల్లో బళ్ళారి జిల్లాకి 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. ఆ అంకె దగ్గర పుస్తకం మూసేశాను. నాకు చదువు నేర్పిన మా మామ్మ, చివరిదాకా కాగితాల మీద వేలిముద్రే వేసింది.