నకళ్లన్నీ ఒక్కటయ్యేదాకా

సమాచారం ఒక్కచోటే ఉన్నంతకాలం నకళ్లను ఒకేలా ఉంచే చిక్కు లేదు. 1973లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 17 ఏళ్ల డేవిడ్ వూలీ, ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ కోసం ‘నోట్స్’ అనే చర్చావేదికను తయారుచేశాడు. టెర్మినళ్లు ఎన్ని ఉన్నా వాటి వెనక ఉన్నది ఒకే పెద్ద కంప్యూటర్. ఎవరు ఏం రాసినా అందులోకే చేరేది, అందరికీ అదే కనిపించేది.

పర్సనల్ కంప్యూటర్లు వచ్చి బల్లకో డిస్కు వెలిశాక అసలు కథ మొదలైంది. ఒకే ఫైలుకు పది నకళ్లు, ఒక్కోదాంట్లో ఒక్కో రకం దిద్దుబాట్లు. చదువుకునే రోజుల్లో ప్లేటో మీద పనిచేసిన రే ఓజీ 1984లో ఐరిస్ అసోసియేట్స్ సంస్థను పెట్టి, లోటస్ కంపెనీ పెట్టుబడితో ఈ చిక్కు విప్పడానికి కూర్చున్నాడు. 1989లో ఆ ప్రోగ్రాం లోటస్ నోట్స్ పేరుతో బయటికొచ్చింది. ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థ విడుదలకు ముందే 10,000 కాపీలు కొనేసింది.

లోటస్ నోట్స్‌లో ప్రతి పత్రానికీ పుట్టుకతోనే ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. ఎన్ని కంప్యూటర్లలోకి వెళ్లినా అది మారదు. ఎన్నిసార్లు దిద్దారు, చివరగా ఎప్పుడు దిద్దారు అన్న లెక్క కూడా పత్రం వెంటే ఉంటుంది. ఆ రోజుల్లో ఊళ్లు తిరిగే ఉద్యోగి రాత్రి హోటల్ గదిలోంచి మోడెంతో ఆఫీసు సర్వర్‌ను కలిపితే, కిందటిసారి తర్వాత మారినవి మాత్రమే అటూ ఇటూ వెళ్లేవి.

రాతకంటే చెరపడం కష్టం. నా దగ్గర తీసేసిన పత్రం మీ దగ్గర ఉంటే, రెండు యంత్రాలు కలిసినప్పుడు అది కొత్తదనుకుని నా దగ్గరికి తిరిగొచ్చేస్తుంది. అందుకే నోట్స్ చెరిపిన చోట ఒక చిన్న ఆనవాలు వదులుతుంది. ఇదే చిక్కుతో కుస్తీపట్టిన జిరాక్స్ పరిశోధకులు 1987లో ఇలాంటి ఆనవాలుకు మరణ ధ్రువపత్రం అని పేరు పెట్టారు. ఆనవాళ్లను ఎల్లకాలం దాచలేం. వాటిని తుడిచేశాక, చాన్నాళ్లు కలవని ల్యాప్‌టాప్ మళ్లీ కలిస్తే చెరిపేసిన పత్రాలన్నీ లేచి కూర్చుంటాయి.

ఇద్దరు ఒకే పత్రాన్ని వేర్వేరుగా దిద్దితే? ఎక్కువసార్లు దిద్దినదాన్ని నోట్స్ ప్రధాన పత్రంగా నిలుపుతుంది. రెండోదాన్ని పారేయదు. దాని కిందే, ఇక్కడ పేచీ ఉందని గుర్తు వేసి అట్టేపెడుతుంది. ఎవరి శ్రమా చడీచప్పుడు లేకుండా మాయం కాకూడదన్న ఈ పట్టుదలే నోట్స్ మనకిచ్చిన అసలైన ఆస్తి.

1995లో లోటస్ ఐబీఎం చేతికి వెళ్లింది. 2019లో నోట్స్ మన దేశపు హెచ్‌సీఎల్ సొంతమైంది. నోట్స్ మీద పనిచేసిన డేమియన్ కాట్జ్ 2005లో మొదలుపెట్టిన కౌచ్‌డీబీ డేటాబేస్ కూడా పేచీలో ఓడిన ప్రతిని దాచి ఉంచుతుంది. మార్పులు ఏ వరసలో అందినా నకళ్లన్నీ చివరికి ఒకేలా తేలేట్టు చూసే సీఆర్‌డీటీలు అనే డేటా నిర్మాణాలకు 2011లో పరిశోధకుడు మార్క్ షపీరో బృందం గణిత రూపం ఇచ్చింది.

అయితే ఒకే సరుకు ధర ఒకరు 500 అనీ, ఇంకొకరు 600 అనీ రాస్తే ఏది నిజమో ఏ గణితమూ చెప్పలేదు. ఆ సంగతి సరుకు కొన్న మనిషికే తెలుసు. రెండు అంకెలనూ అతని ముందు పెట్టి అడిగే ప్రోగ్రామే నమ్మదగింది.