పేరు కొట్టేస్తే చాలనుకున్న రోజులు

ప్రభుత్వ నిధులతో మనుషుల మీద జరిగే పరిశోధనకు ముందుగా ఎథిక్స్ బోర్డు అనుమతి ఉండాలని అమెరికా 1974లో చట్టం చేసింది. అలబామాలోని టస్కీగీలో సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషులకు వైద్యం చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో 40 ఏళ్లు చూస్తూ కూర్చున్న వైనం అంతకు రెండేళ్ల ముందే పత్రికలకెక్కింది. అందుకే బోర్డుల దృష్టంతా సూది గుచ్చించుకునే మనిషి మీదే. బీరువాల్లో మగ్గే కేస్‌షీట్లకు 1981 నిబంధనలు మినహాయింపు ఇచ్చేశాయి. అప్పటికే ఉన్న రికార్డులు, శాంపిళ్లు బహిరంగంగా దొరికేవైనా, మనిషెవరో పోల్చుకోలేని విధంగా వివరాలు రాసుకున్నా సరే, సమీక్ష అక్కర్లేదు.

కాగితాల కాలానికి అది సబబే. కంప్యూటర్లొచ్చాక లెక్క తప్పింది. 1990ల్లో మసాచుసెట్స్ రాష్ట్రం తన ఉద్యోగుల ఆసుపత్రి వివరాలను పేర్లు తీసేసి, పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ మాత్రం ఉంచేసి పరిశోధకులకు ఇచ్చింది. భయమేం లేదని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చారు. ఎంఐటీ విద్యార్థిని లటన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొన్నారు. గవర్నర్ పుట్టిన తేదీ, ఏడాదీ ఉన్నవాళ్లు అందులో ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఒక్కరే. గవర్నర్‌గారి వైద్య చరిత్ర దొరికిపోయింది!

నన్నడిగితే అంతకన్నా లోతైన గాయం హవసుపాయ్ తెగవాళ్లది. గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే ఈ ఆదివాసులు 1990ల్లో తమను పీడిస్తున్న షుగరు జబ్బు గుట్టు తేలుతుందని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. అదే రక్తంతో స్కిజోఫ్రీనియా మీద, తెగ వలస వచ్చిన తీరు మీద కూడా అధ్యయనాలు సాగాయి. తాము లోయలోనే పుట్టామన్నది వాళ్ల నమ్మకం. ఇక్కడ ఒక్కరి పేరు బయటపడకపోయినా తెగ మొత్తానికీ తగిలింది దెబ్బ. కోర్టుకెక్కారు. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తం తిరిగిచ్చింది.

ఇంత జరిగినా, 2019 నుంచి అమలైన సవరణ అమెరికాలో 1981 నాటి ఆ మినహాయింపును ఇంకా వెడల్పు చేసింది. డేటా అప్పటికే ఉన్నదై ఉండాలన్న షరతునే ఎత్తేసింది. నాకైతే మింగుడుపడలేదు.

మన దగ్గర భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు పాత రికార్డుల విషయంలో త్వరిత సమీక్షకు, సమ్మతి నుంచి సడలింపుకు వీలిచ్చాయి. అయితే ఏది దేనికి వర్తిస్తుందో తేల్చేది పరిశోధకుడు కాదు, ఎథిక్స్ కమిటీ. థీసిస్ కోసం రికార్డు రూములో కేస్‌షీట్లు తిరగేసే పీజీ డాక్టరు కూడా ముందు అక్కడ దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.