పాత గేమింగ్ ల్యాప్‌టాప్‌కు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ: డబ్బు పెట్టే ముందు ఏం చూడాలి?

సెలవుకు వచ్చినప్పుడు భాయ్‌జాన్ దుబాయ్ నుంచి తెచ్చిందో, ఇంజినీరింగ్ సీటు వచ్చిందని అబ్బా కొనిచ్చిందో, 2014-2018 మధ్య నాటి గేమింగ్ ల్యాప్‌టాప్ వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో చాలా ఇళ్లల్లో ఇంకా నడుస్తూనే ఉంది. ఒకప్పుడు పెద్దోడు గేములు ఆడుకున్న మిషన్ మీదే ఇప్పుడు చిన్నోడు కోడింగ్ నేర్చుకుంటున్నాడు, చెల్లె ఆన్‌లైన్ క్లాసులు వింటున్నది. బాధల్లా ఒకటే. బటన్ నొక్కి చాయ్ పెట్టుకొని వచ్చినా స్క్రీన్ పూర్తిగా తెరుచుకోదు.

కొత్తది కొనాలంటే పెద్ద ఖర్చు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మారిస్తే చాలాసార్లు ఇంకో రెండు మూడేళ్లు గడుస్తుంది. అయితే ‘ల్యాప్‌టాప్ ర్యామ్ ఇవ్వండి భాయ్’ అని షాపులో అడిగి తెచ్చుకునే వస్తువు కాదిది. స్లాటులో పట్టనిది, పట్టినా పని చేయనిది తెచ్చుకుంటే ప్యాకెట్ చింపిన మాల్‌ను వాపసు తీసుకునే షాపులు తక్కువ.

ముందు ప్రాసెసర్ పేరు చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ పేరు ఉంటుంది. ఐ5-7300హెచ్‌క్యూ అని ఉంటే 7వ తరం, ఐ5-8300హెచ్ అని ఉంటే 8వ తరం. 2017లో వచ్చిన ఏసర్ నైట్రో 5, డెల్ ఇన్‌స్పిరాన్ 7567, లెనోవో లీజియన్ వై520 ఎక్కువగా 7వ తరంవే.

ఈ అంకె ఎందుకు ముఖ్యమంటే, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే. 7వ తరంలో మినహాయింపు కొన్నింటికే ఉంది. ఇళ్లల్లో వాడేవాళ్లకు విండోస్ 10 అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం 2026 అక్టోబర్ వరకు పెట్టారు. కాబట్టి 7వ తరం, అంతకంటే పాతదానిపై డబ్బు పెట్టేవాళ్లు తర్వాత ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి వాటికి మారడానికి సిద్ధపడాలి. చదువుకు, కోడింగ్‌కు అవి బాగానే సరిపోతాయి. గేములే ప్రధానం అనుకునే పిల్లాడికి మాత్రం ముందే చెప్పాలి, కొన్ని ఆన్‌లైన్ గేములు లినక్స్‌పై నడవవు. బ్యాంకు పనులు, యూపీఐ ఖాతాల ఈమెయిల్ అన్నీ అదే ల్యాప్‌టాప్‌లో చూసే ఇంట్లో, అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్‌ను అట్లాగే వాడటం నా దృష్టిలో మంచిది కాదు.

రెండింటిలో ముందు ఏది?

హార్డ్ డిస్క్‌తో నడుస్తుంటే ముందు ఎస్‌ఎస్‌డీ. ఇందులో వాదన లేదు. తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే, సాదా సాటా ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాటుతుంది, పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ 3,000 ఎంబీ పైన పోతుంది. చిన్న చిన్న ఫైళ్లు వెతకడంలో తేడా ఇంకా ఎక్కువ, విండోస్ తెరుచుకునేటప్పుడు జరిగేది అదే పని. స్టార్‌ఫీల్డ్ లాంటి కొత్త గేములు ఎస్‌ఎస్‌డీ లేనిదే కుదరదని కనీస అవసరాల్లోనే రాస్తున్నాయి.

ఆ తర్వాత ర్యామ్. 4 జీబీ ఉంటే పెంచక తప్పదు. 8 జీబీ ఉండి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎప్పుడూ 85-90 శాతం చూపిస్తుంటే 16కు పోవచ్చు. 32 జీబీ ఈ వయసు మిషన్‌కు అక్కర్లేని ఖర్చు. ఇంకో మాట, ఈ రెండూ మార్చినంత మాత్రాన జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్ చిప్ కొత్తదైపోదు. గేము తొందరగా తెరుచుకుంటుంది, మధ్యలో ఆగి ఆగి నడవడం తగ్గుతుంది, అంతవరకే.

ర్యామ్ దగ్గర

డీడీఆర్3ఎల్, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాటులో ఒకటి పట్టవు. 4వ, 5వ తరం గేమింగ్ ల్యాప్‌టాప్‌లు డీడీఆర్3ఎల్‌వి. 6వ తరంలో రెండు రకాలూ ఉన్నాయి, చూడకుండా కొనొద్దు. 7, 8, 9 తరాలవి డీడీఆర్4.

మోసపోయేది ఎక్కువగా డీడీఆర్3 దగ్గరే. డీడీఆర్3 1.5 వోల్టులది, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులది. రెండింటికీ 204 పిన్నులే, స్లాటులో చక్కగా కూర్చుంటాయి కూడా. కానీ 1.35 వోల్టుల మిషన్‌లో 1.5 వోల్టులది పెడితే స్క్రీనే రాదు. స్టిక్కర్‌పై ‘ఎల్’ అక్షరం లేదా 1.35 వోల్టులు అని కళ్లతో చూసి తీసుకోవాలి. పొడుగ్గా ఉండే డెస్క్‌టాప్ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో పట్టదు. ఎస్‌ఓడిమ్ అని అడగాలి.

స్పీడు గురించి అంత కంగారు అక్కర్లేదు. 7వ తరం 2400 వరకే నడుస్తుంది. 3200 రాసి ఉన్న డీడీఆర్4 పెట్టినా చాలావరకు 2400కే దిగి పని చేస్తుంది. ఉన్న 8 జీబీకి ఇంకో 8 జీబీ జత చేస్తే రెండు దారుల్లో నడిచి గేముల్లో కొంత లాభం ఉంటుంది. స్లాట్లు ఎన్ని ఖాళీ ఉన్నాయో టాస్క్ మేనేజరే చెప్తుంది. కానీ ఆ లెక్కను పూర్తిగా నమ్మొద్దు, బోర్డుకే అతికించిన ర్యామ్‌ను కూడా అది స్లాటు కింద లెక్కగట్టవచ్చు. అడుగున రాసిన మోడల్ నంబర్ పూర్తిగా రాసుకొని కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ చూడటమే ఖాయమైన దారి.

అసలు గందరగోళం ఎం.2 దగ్గర

ఎం.2 అనేది స్లాటు ఆకారం పేరు మాత్రమే. చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎస్‌ఎస్‌డీ అందులో సాటా రకమూ కావచ్చు, ఎన్‌వీఎంఈ రకమూ కావచ్చు. పాత ల్యాప్‌టాప్‌లలో కొన్ని స్లాట్లు రెండింటినీ తీసుకుంటాయి, కొన్ని ఒక్కదాన్నే. తప్పుది పెడితే కాలిపోదు గానీ అసలు కనిపించదు. మాన్యువల్‌లో సాటా అని ఉందో, పీసీఐఈ లేదా ఎన్‌వీఎంఈ అని ఉందో చూడండి. పొడవు కూడా చూడాలి: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. కొన్ని చోట్ల 2242 మాత్రమే పడుతుంది. 4.0 రకం ఎస్‌ఎస్‌డీకి ఎక్కువ డబ్బు పెట్టకండి, పాత స్లాటులో అది 3.0 వేగంతోనే నడుస్తుంది.

2014 నాటి మిషన్లలో చాలావాటికి ఎస్‌ఎస్‌డీ పట్టే ఎం.2 స్లాటే ఉండదు. వాటికి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీనే గతి, అదీ 7 మిల్లీమీటర్ల మందం. డీవీడీ డ్రైవ్ ఉంటే దాన్ని తీసి, ఆ చోట క్యాడీలో పాత హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చు. క్యాడీ 9.5, 12.7 మిల్లీమీటర్లు అని రెండు మందాల్లో దొరుకుతుంది. కొలిచి కొనండి. ఎస్‌ఎస్‌డీతోనే వచ్చిన మోడళ్లలో 2.5 అంగుళాల డ్రైవ్ పెట్టే ఖాళీ ఉన్నా, దాని కేబుల్, బ్రాకెట్ కంపెనీ ఇవ్వకపోవచ్చు. అవి విడిగా వెతుక్కోవాలి. ఎం.2 చిన్న స్క్రూ కూడా అంతే.

2017-18 నాటి కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో ఆ స్లాటులో 16 జీబీ ఆప్టేన్ ఉంటుంది. ప్రకటనల్లో దాన్ని ర్యామ్‌తో కలిపి ‘20 జీబీ మెమరీ’ అని కూడా అమ్మారు. అది హార్డ్ డిస్క్‌కు సాయం చేసే చిన్న ముక్క, ర్యామ్ కాదు. నేరుగా పీకేస్తే విండోస్ తెరుచుకోకపోవచ్చు. ముందు ఇంటెల్ సాఫ్ట్‌వేర్‌లో ఆప్టేన్‌ను ఆపి, ఆ తర్వాతే తీయాలి.

విప్పే ముందు

అమ్మీ దగ్గర అడిగితే చెప్తుంది, ఆ ల్యాప్‌టాప్‌లో ఏమున్నాయో: నిఖా వీడియోలు, నానీ ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు. వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయకుండా ఎవరికీ ఇవ్వొద్దు. విండోస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోవాలి. విండోస్ లైసెన్స్ సాధారణంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్క్ మార్చినందుకు కొత్తది కొనమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు ర్యామ్ సంగతి తర్వాత, ముందు బ్యాటరీ తీయించాలి. మన ఎండలకు ఎట్లాగూ ఫ్యాన్లలో దుమ్ము పేరుకొని ఉంటుంది. మూత తీసినప్పుడే శుభ్రం చేయించి, థర్మల్ పేస్ట్ మార్పించండి.

కొనేటప్పుడు

2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ బ్రాండ్ రిటైల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. కనుక నిరుటి ధర పట్టుకొని బేరం చేస్తే కుదరదు. పాత ర్యామ్ తీసుకోవచ్చు, అది సులువుగా చెడిపోయే వస్తువు కాదు. షాపులోనే పెట్టించి, మెమ్‌టెస్ట్ ఒక రౌండ్ నడిపించి తీసుకోండి. పాత ఎస్‌ఎస్‌డీ మాత్రం వద్దు, రాసిన కొద్దీ దాని ఆయుష్షు తగ్గుతుంది. తప్పదనుకుంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఆరోగ్యం ఎంత శాతం ఉందో చూడండి. వెయ్యి రూపాయలకు 2 టీబీ అని ఆన్‌లైన్‌లో కనిపించేవి నకిలీవే, లోపల మెమరీ కార్డు ముక్క ఉంటుంది.

హన్మకొండలో దొరకని డీడీఆర్3ఎల్ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయేవాళ్లు ఉన్నారు. పోతే ల్యాప్‌టాప్ వెంట తీసుకుపోండి, లేదంటే పాత ర్యామ్ ముక్కనైనా చేతిలో ఉంచుకోండి. ‘బిల్లు లేకుండా తగ్గిస్తాం’ అంటే ఆగండి. వీటిపై జీఎస్టీ 18 శాతం, వినడానికి ఆ తగ్గింపు బాగానే ఉంటుంది. కానీ మంచి ఎస్‌ఎస్‌డీలకు 3 నుంచి 5 ఏళ్ల వారంటీ ఉంటుంది, బిల్లు లేకపోతే దాన్ని అడగడం కష్టం. బిల్లుపై వస్తువు సీరియల్ నంబర్ రాయించుకోండి. షాపువాళ్లు మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు, దానికీ ఆ బిల్లే ఆధారం.

మొత్తం ఖర్చు ఆ ల్యాప్‌టాప్‌ను ఇవాళ అమ్మితే వచ్చే ధరలో సగం దాటుతుంటే, ర్యామ్ పక్కన పెట్టి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే వేయించి చూడండి. నెల వాడిన తర్వాత కూడా ఇబ్బంది ఉంటే అప్పుడు ర్యామ్ సంగతి చూసుకోవచ్చు.