మట్టి మాకూ, మాట వాళ్లకూ

మా హైస్కూల్లో రెండు సంఘాలుండేవి. వొకటి వక్తృత్వ సంఘం, రెండోది వ్యవసాయ సంఘం. మొదటిది శుక్రవారం సాయంత్రం హాల్లో బెంచీలు సర్ది పెట్టేవారు. రెండోది బడి వెనకాల బోదెగట్టు పక్కన అరెకరం చెక్కలో నడిచేది. యెవరు యే సంఘంలో వుండాలో యే రూల్సు పుస్తకంలోనూ రాసి లేదు. రాయక్కర్లేదు కూడా. వూళ్లో ఇళ్లు యెలా విడిపోయి వున్నాయో బడిలో సంఘాలూ అలాగే విడిపోయాయి. కామందుల పిల్లలు మాట్లాడేవారు. పేట పిల్లలం తవ్వేవాళ్లం.

1960ల చివర ఆకివీడు ప్రాంతంలో నేను చదివిన జిల్లా పరిషత్ బడి గురించి చెబుతున్నాను. బడి పేరు రాయను. వొక్క బడి కథే అయితే రాయాల్సిన పనే లేదు.

ముందు మా పేటకి అక్షరం యెలా వచ్చిందో చెప్పాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలవల వెంట డెల్టా అంతా పారాయి. నీళ్లు భూమి వున్నవాడి చేలోకి పారాయి. మా తాతలకి వచ్చింది ఆ నీళ్లల్లో దిగి పని చేసే భాగ్యం. ఆ తర్వాత 1880లో కెనడా బాప్టిస్టు మిషనువాళ్లు ఆకివీడులో స్టేషను పెట్టారు. జాన్ క్రెయిగ్ దొర ఇక్కడే కాపురం పెట్టాడు. తర్వాత డాక్టరు పెర్ల్ చ్యూట్ అమ్మగారు వచ్చి ఆడవాళ్లకీ పిల్లలకీ వైద్యం చేశారు. మాలలకీ మాదిగలకీ పలక పట్టుకునే చోటు ముందుగా ఆ మిషను పాకల్లోనే దొరికింది. 1920ల నాటికి మద్రాసు ప్రభుత్వం లేబర్ డిపార్టుమెంటు కింద పేటల్లో బళ్లు పెట్టింది. మా ముసలోళ్లు వాటిని లేబర్ స్కూళ్లనే పిలిచేవారు. పేరులోనే వుంది చూడండి. మా పిల్లలకి చదువు చెప్పే పని విద్యాశాఖది కాదు, కూలీల శాఖది!

కాబట్టి మా అయ్య నన్ను హైస్కూలుకి పంపాడంటే తవ్వడం నేర్చుకోమని కాదు. తవ్వడం ఆయనే నేర్పగలడు. నారుమడికి నీరెప్పుడు పెట్టాలో, యెప్పుడు తియ్యాలో, సార్వాకి యే విత్తనం, దాళ్వాకి యే విత్తనం అన్నీ ఆయనకి తెలుసు. మాయమ్మ వూడ్పుల్లో దిగితే పక్క మునుములోవాళ్లు ఆమెను అందుకోలేకపోయేవారు. నన్ను బడికి పంపింది ఆ బురదలోంచి పైకి లేపడానికి. బడి నన్ను మళ్లీ బురదలోకే దింపింది. దానికి వ్యవసాయ సంఘం అని పేరు పెట్టింది.

ఈ సంఘం ఆకాశంలోంచి వూడిపడలేదు. 1960-61లో కేంద్ర ప్రభుత్వం ఫోర్డు ఫౌండేషను సాయంతో దేశంలో యేడు జిల్లాలు యెంచి ప్యాకేజీ ప్రోగ్రాం మొదలెట్టింది. లూధియానా, తంజావూరు, షాహాబాద్, రాయపూర్, ఆలీగఢ్, పాలీ, వాటితోపాటు మన పశ్చిమ గోదావరి. విత్తనం, యెరువు, పురుగుమందు, అప్పు అన్నీ వొక మూటగా కట్టి రైతుకివ్వడం దాని పద్ధతి. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్-8 వరి పండించి పేరు తెచ్చుకున్నారు. జిల్లా అంతా అదే మాట. గ్రామసేవకులు సైకిళ్లేసుకుని తిరిగేవారు. యువ రైతులు కావాలన్నారు, బళ్లల్లో వ్యవసాయం నేర్పాలన్నారు. 1966లో కొఠారీ కమిషను కూడా పిల్లల చదువులో పని అనుభవం వుండాలని రిపోర్టిచ్చింది. అది అందరు పిల్లల కోసం రాసిన మాట. మా బడికొచ్చేసరికి అందరూ అన్న మాట పేట దగ్గర ఆగిపోయింది.

ప్యాకేజీ మూటలో అన్నీ వున్నాయి, భూమి తప్ప. అప్పు కావాలంటే సొసైటీలో భూమి చూపాలి. భూమి లేనివాడికి ఆ మూట ముడి కూడా విప్పనివ్వరు. అమెరికా నుంచి వచ్చిన ఫ్రాన్సిన్ ఫ్రాంకెల్ మన జిల్లా కూడా తిరిగి 1971లో పుస్తకం అచ్చేసింది. కొత్త విత్తనాల లాభంలో పెద్ద వాటా పెద్ద రైతులకే పోయిందని అందులో తేల్చింది. మా పేటలో యే ముసలమ్మని అడిగినా చెప్పేది.

బడి చెక్కలో వంగ, బెండ, టమోటా వేసేవాళ్లం. వొక వార ఐఆర్-8 మడి. నీళ్లు మొయ్యడం, పేడ మొయ్యడం మా వంతు. రిజిస్టరులో మాత్రం సంఘం కార్యదర్శి కామందు కొడుకు. కలెక్టరాఫీసు నుంచి యెవరైనా వస్తే పూలదండ వేసేది, మడి చూపించి లెక్క చెప్పేది అతనే. కాసిన కూర యెవరిళ్లకి వెళ్లేదో చెప్పక్కర్లేదు. హాస్టల్లో మాకు మాత్రం నీళ్ల చారే.

ఇంక రెండో సంఘం. పల్లె గొప్పా పట్నం గొప్పా, కత్తి గొప్పా కలం గొప్పా ఇలాంటి విషయాలు పెట్టేవారు. మేం వెనక నిలబడి వినేవాళ్లం, చప్పట్లకి పనికొచ్చేవాళ్లం. వొకసారి ట్రాక్టరు వల్ల రైతుకి మేలా కీడా అని పెట్టారు. కొత్తగా వచ్చిన తెలుగు మేష్టారు పట్టుబట్టి నా పేరు రాశాడు. అనుకూలం వాళ్లు ఖర్చు తగ్గుతుందన్నారు. ప్రతికూలం వాళ్లు యెడ్లు పోతే పేడ పోతుందన్నారు. నా వంతు వచ్చింది. ట్రాక్టరు వల్ల రైతుకి మేలో కీడో మా అయ్యని అడిగితే తెలీదంటాడు, యెందుకంటే మా అయ్య రైతు కాడు, దున్నేవాడు అన్నాను. యెడ్లు పోతే పేడ పోతుందన్నారుగానీ పాలేరు యెక్కడికి పోతాడో యెవరూ చెప్పలేదన్నాను. విషయం తప్పావు, కూర్చోమన్నారు.

మర్నాడు కామందు మా అయ్యతో, "మీవోడు బాగా మాట్లాడుతున్నాడంటగా" అన్నాడంట. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. పేటలో ఆ మాటకి అర్థం తెలియనివాళ్లు లేరు. మా అయ్య ఇంటికొచ్చి నులకమంచం మీద కూర్చుని, "ఏం మాట్లాడావురా, మళ్లీ చెప్పు" అన్నాడు. మొత్తం చెప్పించుకున్నాడు. ఆ యేడు ఆయనకి ఆ ఇంట్లో పాలేరుతనం కుదరలేదు. ఆకివీడు స్టేషను దగ్గర బస్తాలు మోశాడు. నన్ను మాత్రం మాట్లాడొద్దనలేదు.

నాకు మాట్లాడ్డం బడి నేర్పలేదు. మా పేట చర్చి నేర్పింది. సండే స్కూల్లో వాక్యం కంఠతా పట్టి పెద్దల ముందు నిలబడి తడబడకుండా చెప్పాలి. క్రిస్మసుకి నాటకం వెయ్యాలి. బోయి భీమన్నగారి పాలేరు నాటకం గురించి మా పెద్దోళ్లు కథలుకథలుగా చెప్పుకునేవారు. పాలేరు కుర్రాడు చదువుకుని పైకి రావడం స్టేజీ మీద చూసి యేడ్చినవాళ్లున్నారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములమనే పేరు కాదని ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు మనవాళ్లు. మనల్ని యేమని పిలవాలో మనమే తేల్చుకోవడం కన్నా పెద్ద డిబేటు యేముంటుంది?

హాస్టల్లో మేమే సొంతంగా శనివారం రాత్రి లాంతరు చుట్టూ కూర్చుని చర్చలు పెట్టుకున్నాం. విషయాలు మావే. హాస్టలు అన్నం హక్కా, దయా? కూలి పెంచమని అడగాలంటే ముందు యెవరు నోరు విప్పాలి? చర్చిలో వొక పేరు, రికార్డులో వొక పేరు యెందుకు? ఈ చివరిదాని దగ్గర రాత్రి యెంతయినా తెగేది కాదు. 1950 రాష్ట్రపతి వుత్తర్వు ప్రకారం హిందువైతేనే షెడ్యూల్డు కులం. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారినా బావి మారలేదు, పేట మారలేదు. స్కాలర్‌షిప్పు మాత్రం మారిపోతుంది. పదిహేనేళ్ల పిల్లలం లాంతరు వెలుగులో మాట్లాడుకున్నది ఇదీ. హాల్లో బెంచీల మీద కత్తి గొప్పా కలం గొప్పా అనుకుంటున్న పిల్లలకి ఈ ప్రశ్నే పుట్టదు.

చేతిపని తక్కువదని నేననడం లేదు. యెవరి చేతికి యెందుకిస్తున్నారన్నదే నా ప్రశ్న. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ సగం పూట బడి, సగం పూట తండ్రి పని అని పల్లె బళ్లకి వొక పథకం తెచ్చారు. చాకలి కొడుకు చాకిరేవుకి, మాదిగ కొడుకు తోలు దగ్గరికి, కరణం కొడుకు కవిలె కట్టల దగ్గరికి. దాన్ని జనం కులవిద్య అన్నారు. 1954లో కామరాజ్ వచ్చాక యెత్తేశారు. అమెరికాలో నల్లవాళ్లకీ ఇదే తగువు. బుకర్ వాషింగ్టన్ 1881లో మొదలైన టస్కెగీ బడిలో ముందు చేతిపని నేర్చుకోండి, హక్కులు నెమ్మదిగా వస్తాయన్నాడు. దుబాయిస్ 1903లో పుస్తకం రాసి కాదన్నాడు. ఓటు లేకుండా, పై చదువు లేకుండా చేతిపని వొక్కటే యిస్తే అది మళ్లీ చాకిరే అన్నది ఆయన వాదం. మా అరెకరం చెక్కలో గునపం పట్టుకున్న మాకు ఆ ఇద్దరి పేర్లూ తెలీవు. తగువు మాత్రం తెలుసు.

తర్వాత కాలం యెలా నడిచిందో చూడండి. 1985 జూలై 17న కారంచేడులో చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర మున్నంగి సువార్తమ్మ అడ్డం మాట్లాడింది, బిందె యెత్తింది. మొదలు అక్కడే. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపారు. వక్తృత్వ సంఘాల్లో చోటు దొరకని తరమే దళిత మహాసభ వేదికలెక్కి తెలుగు దేశమంతా వినేట్టు మాట్లాడింది. మాటని యెవరూ మనకి ఇవ్వలేదు.

మట్టి సంగతి అలా కాలేదు. 1980ల నుంచి ఆకివీడు చుట్టూ వరిచేలు చేపల చెరువులవుతూ వచ్చాయి, ఆ తర్వాత రొయ్యల చెరువులు. యెకరం వరికి నారు తీసేవాళ్లు, వూడ్చేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, కోసేవాళ్లు కావాలి. చెరువుకి వొక కాపలావాడు, మేత వేసేవాడు, పట్టుబడి రోజున వలవాళ్లు చాలు. మాయమ్మ చేతిలో వున్న పనితనం చెరువు నీళ్లల్లో మునిగిపోయింది. కొల్లేరులో 1970ల్లో జాలర్లకీ బడుగులకీ సహకార సంఘాల పేరుతో చెరువులిచ్చారు. సంఘం పేదవాళ్లది, లీజు డబ్బున్నవాడిది. 1999లో కొల్లేరుని అభయారణ్యం చేశారు. 2006లో చెరువులు కొట్టించారు. పెట్టుబడిదారు ఇంకో చోటికి పోయాడు. కాపలావాడు గట్టు మీదే మిగిలాడు.

మాటా మట్టీ వేరువేరు కావని 2017లో గరగపర్రు చెప్పింది. ఆ వూరు భీమవరం పక్కనే. మిగతా నాయకుల బొమ్మల వరసలో అంబేద్కర్ బొమ్మ పెట్టుకుంటామన్నారు మనవాళ్లు. అది మాట. దానికి జవాబుగా వూరు వెలేసింది, పనికి పిలవడం మానేసింది, కౌలు చేలు లాగేసుకుంది. అది మట్టి. మా అయ్య పాలేరుతనం పోయిన యాభై యేళ్ల తర్వాత కూడా లెక్క అదే.

బళ్లల్లో ఇప్పుడూ క్లబ్బులున్నాయి. వాటికి కొత్త పేర్లొచ్చాయి. పెరటితోటలు, పర్యావరణం, వక్తృత్వ పోటీలు. అన్నీ వుండాలి. కానీ మేష్టార్లు వొక పని చెయ్యండి. గునపం యెవరి పిల్లల చేతుల్లో వుందో, మైకు యెవరి పిల్లల చేతుల్లో వుందో వొక కాయితం మీద రాసి చూడండి. కామందు కొడుకుని కూడా పేడ తట్ట యెత్తమనండి, పేట పిల్లని ముందు మాట్లాడమనండి. ఆ పిల్ల విషయం తప్పిందనిపిస్తే ఆపకండి. విషయం పెట్టిందెవరో వొకసారి ఆలోచించండి. ఇక ప్రభుత్వానికి చెప్పేది వొకటే. మా పిల్లలకి వ్యవసాయం నేర్పే ముందు వ్యవసాయం చేసుకోడానికి భూమి యివ్వండి. నేర్చుకోవడం సంగతి మేం చూసుకుంటాం.