కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) కట్టించిన ఆర్థర్ కాటన్ (1803-1899) విగ్రహాలు గోదావరి జిల్లాల్లో ఊరూరా కనిపిస్తాయి. ఆ ఇంటిపేరుకు అర్థమేమిటని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: పత్తి. పూర్వీకులు పత్తి వర్తకులై ఉంటారని ఊహించేవారూ ఉన్నారు. రెండూ సరికావు.

పత్తి అనే అర్థమున్న 'కాటన్' అరబ్బీ 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంటిపేరు వచ్చిన దారి వేరు. పాత ఇంగ్లిష్‌లో 'కాట్' అంటే గుడిసె. నేటి 'కాటేజ్'లో ఉన్నది ఆ మాటే. (మన 'కోట'తో దానికి చుట్టరికం లేదు, అర్థం చూస్తే పూర్తిగా ఎదురు.) దానికి బహువచన విభక్తి చేరితే 'కాటుమ్', అంటే 'గుడిసెల దగ్గర'. అలాంటి పల్లెలకు కోటన్, కాటన్ అన్న పేర్లు స్థిరపడ్డాయి. కేంబ్రిడ్జ్ పక్కన కోటన్ అనే ఊరు ఇప్పటికీ ఉంది. నివాసం పేరే ఊరి పేరవడం అక్కడికే పరిమితం కాదు. ఢిల్లీ ఐఐటీ పక్కన, పోటీ పరీక్షలకు చదివే తెలుగువారికి బాగా తెలిసిన జియా సరాయ్‌లో 'సరాయ్' అంటే బాటసారుల బస.

ఆ పల్లెల నుంచి వచ్చినవారికి ఊరి పేరే ఇంటిపేరైంది. ఊళ్లు చాలా ఉన్నాయి కాబట్టి కాటన్లందరిదీ ఒకే వంశం కాదు. ఆర్థర్ కాటన్‌ది చెషైర్‌లోని కాంబర్‌మియర్ ఆబీకి చెందిన సంపన్న కుటుంబం. పేరులో గుడిసెలున్నా బతుకులో లేవన్నమాట.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. కందుకూరు నుంచి వచ్చినవారు 'కందుకూరి' అయ్యారు. 'ఊరు' 'ఊరి'గా మారడాన్ని మన వ్యాకరణం ఔపవిభక్తికం అంటుంది. 'కాటుమ్'లో జరిగిందీ అలాంటిదే: విభక్తి రూపం పేరులో గడ్డకట్టుకుపోయింది. ఆ ఇంటిపేరున్న వీరేశలింగం ధవళేశ్వరం పక్కనే రాజమహేంద్రవరంలో 1848లో, ఆనకట్ట పనులు నడుస్తుండగానే పుట్టారు.

పొరపాటుకు చరిత్ర కూడా కొంత సాయం చేసింది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైర్ మిల్లులకు పత్తి కరవొచ్చింది. భారత్‌లో కాలువలు, జలమార్గాలు కావాలని ఆ కాలంలో గట్టిగా వాదించినవారిలో కాటన్ ఒకరు. ఆయన నీళ్లు పారించిన గోదావరి డెల్టాలో మాత్రం ప్రధాన పంట వరే.